అల్లుడు లేని చోట డాక్టరేటు

ఉగాండాలో మసాకా పట్నం దగ్గరి బాలికల ఉన్నత పాఠశాలలో నసోలో ఎడిసా ఏళ్ల తరబడి ఉపప్రధానోపాధ్యాయిని. టైంటేబుల్ ఆమెది. వంటశాలలో మొక్కజొన్న సంకటి పోషో మాడితే చీవాట్లూ ఆమెకే. ప్రధానోపాధ్యాయిని కుర్చీకి ఇకమీదట పాఠశాల పరిపాలనలో డాక్టరేటు ఉండాలని పాలకమండలి తీర్మానించాక, ఆ కుర్చీ మీద కన్నున్న నసోలోకు చదువు వెతుక్కోక తప్పలేదు.

కంపాలాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆ చదువు చెప్పే విభాగం మేలైనది. చిక్కల్లా దాని అధిపతి ముకీబి ఆమె అల్లుడు కావడమే. వాళ్ల బుగాండా ఆచారంలో అత్త అల్లుడి ముఖం చూడదు, అతనున్న గదిలో కూర్చోదు. అందుకని నసోలో చూపు కొత్తగా వెలిసిన మరో విశ్వవిద్యాలయం మీద పడింది.

కూతురు నమీరో రాయబారానికి వచ్చింది.

"అమ్మా, నిన్ను వేరే ఆచార్యుడికి అప్పగిస్తారట. నువ్వొచ్చే రోజు ఆయన ఆ వరండాలోకే రారట."

"చాల్లేవే! నేనొస్తున్నానని విభాగాధిపతి గోడ దూకి పారిపోవాలా? ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. ఆ రెండో విశ్వవిద్యాలయానికి డాక్టరేటు ఇచ్చే అనుమతే లేదు కదా?"

"వస్తుందన్నారు."

"ఎవరు? వాళ్లేగా! పిల్లలు అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తావు, వీళ్లను పట్టలేవూ?"

నసోలోకు ఆ సంగతి తెలియక కాదు. రెండింటినీ తూచి, మొదటిదే మేలని తేల్చుకుని, రెండోదానిలో చేరింది.

సిద్ధాంతగ్రంథం మాత్రం నాసిరకం కాదు. తల్లులైన బాలికలను తిరిగి బడిలో చేర్చుకోవడం గురించి జిల్లాలు తిరిగి రాసింది. నమీరో ఇంట్లో ఉన్న ప్రతిని ముకీబి చదివాడు, మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూతురి నోటే ఆమెకు చేరింది.

ఇంటర్వ్యూకు మండలి పిలిచిన నిపుణుడు అతనే. అభ్యర్థుల పేర్లు నిపుణుడికి ముందుగా చెప్పే అలవాటు ఆ మండలికి లేదు. నసోలో గుమ్మంలో అడుగుపెట్టి తల దించుకుంది. అతను లేచి, పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. మర్యాద ప్రకారమూ, న్యాయం ప్రకారమూ అతను చేసింది సరైనదే.

"ఈ పట్టాకు అనుమతి వచ్చిందా, న్యాబో?" అని గౌరవంగా 'అమ్మగారూ' అంటూ అడిగాడు మండలి అధ్యక్షుడు.

"ఇంకా లేదండీ. గ్రంథం చదివి చూడండి."

"మేం చదివితే ఏం తెలుస్తుందమ్మా? దాని విలువ చెప్పగలిగినవారు ఇప్పుడే బయటికెళ్లారు."

పదవి కంపాలా విభాగంలో చదివిన నన్‌టోంగోకు దక్కింది. వయసులో చిన్నది, మనిషి మంచిది. మొదటి వారమే, నసోలో వేసిన టైంటేబుల్ మీద సంతకం చేస్తూ అంది.

"మీరు మా దగ్గర చేరి ఉండాల్సింది, మేడమ్. ముకీబి గారు ఎంత మంచివారో!"

"విన్నాను," అంది నసోలో కాగితాలు సర్దుకుంటూ. "ఎప్పుడూ చూడలేదు."