అన్నయ్య సైకిలుకి ర్యాక్

ఈ రోజు మా అన్నయ్య సైకిలు కోసం బందరులో, కారు వెనక బిగించే ర్యాక్ కొన్నాను. పక్షవాతంతో ఎడమ కాలు బలహీనపడ్డాక అన్నయ్య మామూలు సైకిలు తొక్కలేకపోతున్నాడు. అందుకే వెనక్కి వాలి కూర్చుని తొక్కే మూడు చక్రాల సైకిలు తెప్పించాం. ప్రతి ఆదివారం దాన్ని డిక్కీలో తాళ్ళతో కట్టి, దివిసీమ కరకట్ట మీదికి తీసుకెళ్తున్నాను. పోయిన వారం దారిలో తాడు తెగి సైకిలు సగం బయటికి జారింది.

అన్నయ్యనీ, సైకిలునీ వెంటబెట్టుకునే షాపుకి వెళ్ళాను. అక్కడున్న ర్యాకులన్నీ రెండు చక్రాల సైకిళ్ళకి సరిపోయేవే. షాపాయన మా సైకిలుని టేపుతో కొలిచి, "మధ్య చక్రానికి ఇంకో పట్టీ వేయిస్తే సరిపోతుందండీ. పక్కనే వెల్డింగ్ చేస్తారు," అన్నాడు.

గంట పట్టింది. ర్యాక్ కారుకి బిగించి చూస్తే అన్నయ్యా లేడు, సైకిలూ లేదు. కంగారుగా ఫోన్ చేశాను.

"కోనేరు సెంటర్లో టీ తాగుతున్నాన్రా."

"ఆ ట్రాఫిక్‌లో ఒక్కడివే ఎలా వెళ్ళావు?"

"రోడ్డు పక్కగా తొక్కుకుంటూ వచ్చాను. ఆటోవాళ్ళే ఆగి దారిచ్చారు. నిదానంగా రా, నీకూ టీ చెప్తాను."

రెండేళ్ళుగా వీధి చివరికి కూడా తోడు లేకుండా వెళ్ళని మనిషి. కోప్పడదామనే వెళ్ళాను కానీ, ఆ ముఖం చూశాక టీ తాగి ఊరుకున్నాను. సైకిలు ర్యాక్ మీదికి ఎక్కిద్దామంటే, "ఇల్లెంత దూరం, తొక్కుకుంటూ వస్తాలే," అన్నాడు.

కొత్త ర్యాక్ ఖాళీగా పెట్టుకుని, అన్నయ్య వెనకాలే నత్తనడకన ఇంటికి చేరాను. సాయంత్రం బందరులో నా కారు వెనక హారన్ కొట్టినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కారణం ఇదండీ.