ఇంజను విప్పి చూసిన రోజు

మూడో తరగతితో బడి మానేసినదాన్ని నేను. ఏ వస్తువునైనా చివరిదాకా వాడాలన్నది మాత్రం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే వాకిట్లో కాళ్లు తుడుచుకునే గుడ్డ. అందుకే పోయిన వానాకాలం మా కోడలు "అత్తమ్మా, ట్రాలీ బండిని ఎక్స్చేంజిల ఇచ్చి కొత్తది తెచ్చుకుందాం" అన్నప్పుడు నేను మొహం తిప్పుకున్నాను.

వెనక తొట్టి ఉన్న ఆ చిన్న డీజిల్ బండే మాకు కూడు పెట్టేది. కొడుకు దూరాన భీవండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. ఇక్కడ కోడలే నడపడం నేర్చుకుని, నాట్లు వేసే ఆడవాళ్లను పొద్దున్నే చింతమడక వైపు పొలాలకు దింపి సాయంత్రం తెచ్చేది. ఆ ఏడు బండి వేడెక్కి నడిదారిలో ఆగడం మొదలైంది. ఆగిన రోజు వాళ్లందరి కూలి పోయేది. "ఇంకోపారి ఆగిందంటె మేం వేరే బండి చూసుకుంటం" అని మా గడప ముందే నిలబడి చెప్పిపోయారు.

"ఇచ్చే ముందు దానికేమైందో నా కండ్లతోని చూస్త" అన్నాను.

"నువ్వు చూస్తె బాగైతదా?"

"చూడకుంట పారేస్తె బాగైతదా?"

కోడలు నన్ను సిద్దిపేటలో బండి పెట్టిన మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయింది. మెకానిక్ మా కొడుకు ఈడువాడు. ఇంజను పైమూత అప్పటికే విప్పి పెట్టాడు.

"కూసో అమ్మా. చీర జర దూరం, ఆయిల్ అంటుతది."

నేను కూర్చోలేదు. వంగి చూశాను. లోపల సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరగడానికి సన్నని దారులున్నాయి. వాటి నిండా తెల్లగా రాయి కట్టింది. మా ఇంట్లో స్నానానికి నీళ్లు కాగే కాగు అడుగున కట్టేదీ అదే.

"బోరు నీళ్లు పోసిన్రు కదా?" అన్నాడు.

"అందరు గవ్వే పోస్తరు" అంది కోడలు.

నిజమే. ఇక్కడ బండి వేడెక్కితే పక్క పొలంలో బోరు ఎక్కడుందా అని చూస్తారు, డబ్బా పట్టుకుని పోతారు. బండ్ల కోసమే సీసాలో అమ్మే రంగు నీళ్లు, ఆ కూలెంటు, ఎవరు కొంటారు? దారులు మూసుకుపోయి, వేడికి పైమూత వంకరపోయిందట.

తర్వాత అతను స్పానర్ పెట్టి కింద ఏదో తిప్పాడు. బోర్లించిన గ్లాసుల్లాంటివి రెండు, ఒకటి పైకి లేస్తుంటే ఒకటి కిందికి దిగింది. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు వేస్తున్నట్టే.

"అగ్గి ఏడ పెడ్తరు?" అని అడిగాను.

"డీజిల్ బండికి అగ్గి పెట్టరమ్మా. ఇది పైకొచ్చి గాలిని గట్టిగ నలుపుతది. నలిగిన గాలి మస్తు గరం అయితది. దాంట్ల డీజిల్ పడంగనె అంటుకుంటది."

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొయ్యి ఊదినదాన్ని. పచ్చి కట్టెల పొగకు కండ్లు మండించుకున్నదాన్ని. ఉత్త గాలిని నలిపితే నిప్పు పుడుతుందని నాకెవరూ చెప్పలేదు. ఇంకోసారి తిప్పమన్నాను. తిప్పాడు. నా గుప్పిట్లో పట్టేంత జాగాలో నిప్పు పుట్టి, అంతమంది ఆడవాళ్లను, వాళ్ల సద్దిమూటలను, పిల్లలను ఇన్నేళ్లు మోసింది. చేయి పెట్టి ఆ ఇనుమును ముట్టుకున్నాను. గుళ్లో గడప ముట్టినప్పుడు కూడా నాకంత జంకు కలగలేదు.

ఇంత గొప్పదాన్ని ఎట్లా ఇచ్చేయాలి అనిపించింది. బాగుచేస్తే నడుస్తుందా అని అడిగాను.

"నడుస్తది. మూత వంకర తీసి సాపు చేపిస్త. కాని లోపల కట్టిన సున్నం మొత్తం పోదు."

"నీ పెండ్లాన్ని దీని మీద పంపుతవా?"

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఒక్కతైతె పంపుత అమ్మా. ఎనక కూలోళ్లను ఎక్కించుకొని అయితె పంప. బరువుకు మల్ల వేడెక్కుతది."

"సాపు చేసి బిగించు. షోరూముదాక నడిస్తె చాలు, ఇచ్చేద్దాం" అన్నాను. కోడలు నా మొహం కేసి చూసింది, నేనేనా అన్నట్టు.

బండి బిగించాక షోరూముకు తీసుకుపోయాము. అక్కడి మనిషి తాళం తిప్పి చెవి పెట్టి విన్నాడు. ఇంజను మెత్తగా పలికింది. "మంచిగనె ఉంది" అన్నాడు. కోడలు కొంగు సర్దుకుంటూ నేల చూసింది.

"వేడైతుంటె విప్పించినం. మూత వంకర పోయిండె. లోపల సున్నం ఇంక ఉంది" అన్నాను నేను.

అతను నవ్వాడు. "గిట్ల ఎవ్వరు చెప్పరు పెద్దమ్మా. ధర తగ్గుతది మల్ల."

"తగ్గియ్యి."

పాత బండి అప్పజెప్పి, కొత్తదానికి కాయితాలు రాయించి బయటికి వచ్చాక కోడలు ఉండబట్టలేకపోయింది. "కూరగాయలమ్మెటోని తాన గంటసేపు కొట్లాడుతవు. గీడ నోరు మూసుకుంటె ఏమైతుండె అత్తమ్మా?"

"ఇంకో ఇంటి కోడలు దాని మీద ఆడోళ్లను ఎక్కించుకొని పోతుండె."

బస్టాండు దగ్గరికొచ్చాక కోడలు, "కిస్తీలు ఎక్కువైతయి" అంది, ఈసారి మెల్లగా.

"అయితయి. ముందుగాల నాట్లోళ్లకు ఫోను చెయ్యి. ఎల్లుండి పొద్దుగాల కొత్త బండొస్తదని చెప్పు."