తాళం వేసిన ఇంట్లో తాగిన నీళ్లు

ఈ సంఘటనను నేనే స్వయంగా రాసి పెట్టవలసిన అవసరం ఏర్పడింది. మా కాలనీలో ఇది ఇప్పటికే రకరకాలుగా ప్రచారంలో ఉంది. ఒక కథనం ప్రకారం నాకు వడదెబ్బ తగిలింది. మరొక కథనం ప్రకారం తెల్లచీర కట్టుకున్న స్త్రీని చూసి నేను స్పృహ తప్పి పడిపోయాను. మూడోది కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందులో నాకు మతిమరుపు జబ్బు మొదలైంది. ఈ మూడూ తప్పే. జరిగింది జరిగినట్టు, జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక యంత్రాల కర్మాగారంలో, తనిఖీ విభాగంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. తయారైన ప్రతి భాగాన్నీ కొలవాలి. సరిపోతే ముద్ర వేయాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా తిప్పి పంపాలి. కొలవకుండా నేను దేనికీ 'సరే' అనలేదు. నా మాటకు ఇంటా బయటా ఉన్న విలువ అదే. దయ్యాన్ని కొలిచే సాధనం లేదు గనుక దాని గురించి ఆలోచించే పనీ పెట్టుకోలేదు.

పదవీ విరమణ తర్వాత, మా అబ్బాయి శ్రీకాంత్ అమీన్‌పూర్‌లో కొన్న విల్లాలోకి మారాము. ఇంత క్రమబద్ధమైన నివాసం ఒకటి ఉంటుందని నేను ఊహించలేదు. ఎత్తైన ప్రహరీ, ఒకే గేటు, స్కేలు పెట్టి గీసినట్టున్న వీధులు. ఇళ్లన్నీ ఒకే నమూనా, ఒకే మీగడ రంగు, ఒకే గోధుమరంగు తలుపు. మొదటిసారి ఆ వరుసలను చూసినప్పుడు, ఒక్కటి కూడా తిప్పి పంపనవసరం లేని సరుకు చూసినంత సంతోషం కలిగింది.

పొద్దున్నే కార్లన్నీ హైదరాబాదు ఐటీ ఆఫీసులకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత వీధుల్లో తోటమాలి కత్తెర చప్పుడు తప్ప మరేదీ ఉండదు. ప్రహరీ అవతల మాత్రం బొల్లారం షిఫ్టులకు వెళ్లే కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు మోత మోగిస్తూ పోతుంటాయి. గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీల ఘాటు గోడ దాటి వస్తుంది. ఆ గాలికి మా కాలనీ నిబంధనలు వర్తించవు. ఇక్కడి భూగర్భజలాన్ని నోట పోసుకునే ధైర్యం ఎవరికీ లేదు. బోరు నీళ్లు మొక్కలకు, డబ్బా నీళ్లు మనుషులకు.

నేను నివాసుల సంఘానికి కార్యదర్శిని. ఆ రోజు ఉదయం క్లబ్‌హౌస్‌లో సమావేశం జరిగింది. మా పక్కింటి ఖాదర్ సాహెబ్ తన తలుపుకు నీలం రంగు వేయించుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్కరికి అనుమతిస్తే ఏడాది తిరిగేసరికి మా వీధి సంతలా తయారవుతుందని వాదించాను.

"అన్నిండ్లు ఒక్కతీర్గ ఉంటే, మా మనవడు ఏ ఇంట్లకు వోవాల్నో తెల్వక పరేషాన్ అయితుండు సాబ్" అన్నాడు ఖాదర్ సాహెబ్.

"ఇంటి నంబరు చదవడం నేర్పించండి" అన్నాను. అందరూ నవ్వారు. తీర్మానం నెగ్గింది.

ఆ రోజుల్లో ఇంట్లో మరొక వ్యవహారం నడుస్తోంది. పొయ్యి కట్టేశానని నేను గట్టిగా చెప్పిన రోజున అది వెలుగుతూ కనిపించింది. ఇంకోసారి కారు ఒకచోట పెట్టి మరోచోట వెతికాను. అప్పటి నుంచి నేను ఏది చెప్పినా కోడలు వెళ్లి ఒకసారి చూసి వచ్చేది. నరాల డాక్టరుకు చూపిద్దామని, ఒంటరిగా బయటకు పంపవద్దని, కార్యదర్శి పదవి మాన్పిద్దామని శ్రీకాంత్ తల్లితో అంటుండగా విన్నాను. నాకు డాక్టరంటే భయం లేదు. జీవితమంతా నా మాటే ముద్రగా చెల్లింది. ఇప్పుడు నా మాటకే తనిఖీ మొదలైంది. దానిని నేను భరించలేకపోయాను.

సమావేశం ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గెలుపు ఉత్సాహంలో, చేతికర్ర ఊపుకుంటూ బయలుదేరాను. ఆ ఉత్సాహంలోనే మా వీధి కంటే ఒక వీధి ముందుగా మలుపు తిరిగాను. ఆ వీధిలో సరిగ్గా మా ఇంటి స్థానంలో మా ఇంటిలాంటి ఇల్లే ఉంది. అది అమ్ముడుపోలేదు. కట్టిన నాటి నుంచి తాళం వేసి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా అది మా ఇల్లేనని లోపలికి వెళ్లాను. నంబరు చదవలేదు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. చెప్పులు బయట విడిచాను. ఎండలో నుంచి వచ్చినందువల్ల కళ్లకు చీకట్లు కమ్మాయి. లోపల వస్తువులేవీ స్పష్టంగా కనబడలేదు. పాదాలకు మాత్రం నేల చల్లగా, కొంచెం గరుకుగా, కొత్తగా అలికిన నేలలా తగిలింది. మా ఇంట్లో ఉన్నది నున్నటి పాలరాయి. ఆ తేడా గమనించాను గాని, పట్టించుకోలేదు. చేతికర్రను వంటింటి గోడకు ఆనించి, ఎత్తు తక్కువగా ఉన్న దేనిమీదో కూర్చున్నాను.

వంటింట్లోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఎండలవడి వచ్చినవ్ అన్నా. జెర కూసో, నీళ్లిస్త."

ఆ రోజు కొత్త వంటమనిషి రావలసి ఉంది. ఆమే అనుకున్నాను. పనిలో చేరిన రోజే యజమానిని 'నువ్వు' అనడం పద్ధతి కాదని తర్వాత చెప్పాలని కూడా అనుకున్నాను. గాజులున్న ఒక చేయి చెంబును నా పక్కన నేలమీద పెట్టింది. ముదురు రంగు చీర కొంగు కనిపించింది. ఏ రంగో ప్రమాణం చేసి చెప్పలేను. ముఖం నేను చూడలేదు.

చెంబెత్తి తాగాను. అవి డబ్బా నీళ్లు కావు. మట్టికుండ వాసన, వెనుక చిన్న తీపి, గొంతు దిగుతుంటే ఒళ్లంతా తేలికపడే చల్లదనం. చిన్ననాడు పొలంలో తాగిన బావినీళ్ల తర్వాత అలాంటి నీళ్లు నేను తాగలేదు. ఎక్కడివని అడగబోతుండగా ఆమే అడిగింది.

"బాయికాడికి వోయిండు, ఇంక రాలే. నీకేమన్న ఎదురైండా?"

బావి దగ్గరికి వెళ్లిన భర్త గురించి అడుగుతోందనుకున్నాను. ఆ గొంతులో ఆదుర్దా లేదు. చాలాసేపటిగా అందరినీ అదే మాట అడుగుతున్న మనిషి ఓపిక ఉంది. ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను.

"వస్తాడమ్మా. తప్పకుండా వస్తాడు" అన్నాను.

"అట్లనే గానీ" అంది. తర్వాత గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపించింది.

లేచాను. అన్నాళ్లుగా లేని హుషారు నాలో ఉంది. ఆ నీళ్ల సంగతి నా భార్య సులోచనకు వెంటనే చెప్పాలనిపించింది. ఆమె మేడమీద ఉందేమోనని పిలిచాను. జవాబు రాలేదు. పెరట్లో ఉందేమో చూద్దామని బయటకు వచ్చాను. మా ఇంటి ముందు ఉండే కారు అక్కడ లేదు. ఎదురుగా మాకు తెలియని ఇల్లుంది. అప్పుడు తలెత్తి నంబరు చదివాను.

వెనక్కి తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. దానికి తాళం వేలాడుతోంది.

పరుగెత్తానంటే అబద్ధం. నా మోకాళ్లకు ఆ శక్తి లేదు. కాని చెప్పులు తొడుక్కుని గబగబా నడిచాను. అది భయం కాదు. పరీక్ష ఫలితం చేతిలో పట్టుకుని ఇంటికి వస్తున్న కుర్రవాడి తొందర అది.

సులోచన నన్ను చూడగానే అడిగింది. "కర్ర ఏడవెట్టిండ్రు?"

అంతా చెప్పాను. కొత్త వంటమనిషి రానని పొద్దున్నే ఫోన్ చేసిందని ఆమె చెప్పింది. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్న శ్రీకాంత్ తన గదిలోంచి బయటకు వచ్చాడు. నా మాటలు విని, తల్లి ముఖం చూసి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. చిన్నపిల్లలతో అలా మాట్లాడతారు.

"డాడీ, అండ్ల ఎవ్వరుండరు. ఎండకు కండ్లు తిరిగినయేమో. రేపు డాక్టర్ దగ్గరికి పోదాం."

"నా కర్ర లోపల ఉంది. తలుపు తీయించి చూడు. లేకపోతే నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికల్లా వస్తాను" అన్నాను.

తాళంచెవులు భద్రతా సిబ్బందికి పెద్ద అయిన యాదయ్య దగ్గర ఉంటాయి. అతను మా వెంట వచ్చాడు గాని, దారంతా సందేహిస్తూనే ఉన్నాడు.

"గుత్తిలకెల్లి గీ చెవి తీసిందే లేదు సారూ. అందరికి రూల్స్ చెప్పేది మీరే, మీరే దారి తప్పితె ఎట్ల?"

తాళం బిగుసుకుపోయి ఉంది. తీయడానికి అతను చాలా తంటాలు పడ్డాడు. తలుపు తెరుచుకోగానే వేడిగాలి, సిమెంటు వాసన ముఖానికి కొట్టాయి. లోపల ఒక్క వస్తువు లేదు. కూర్చోవడానికి పీట కూడా లేదు. నేలంతా దుమ్ము, తెల్లగా, మందంగా, ఎవరూ తొక్కకుండా ఉంది. నా అడుగులు కూడా అందులో లేవు. లోపల అడుగు పెట్టకముందే చెప్పులు విడిచి, పాదాలెత్తి చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి.

వంటింటి గోడకు నా చేతికర్ర ఆనించి ఉంది.

దాని పక్కన, దుమ్ములో, చెంబు అడుగంత గుండ్రటి తడి మచ్చ ఉంది. శ్రీకాంత్ వంగి దానిమీద వేలు పెట్టాడు. వేలు తడిసింది. కొలవడానికి టేపు తెమ్మని నేను అరిచాను. ఎవరూ కదల్లేదు. మేము చూస్తుండగానే ఆ మచ్చ అంచుల నుంచి ఆరుతూ, చిన్నదై, మాయమైంది.

"నేనైతె ఈ గడప దాటి రాను సారూ. నాకు పెండ్లాం పిల్లలున్నరు" అన్నాడు యాదయ్య బయటి నుంచే.

సాధ్యమైన వివరణలన్నీ పరిశీలించాను. కిటికీలో నుంచి ఎవరైనా కర్ర విసిరారా? కిటికీలన్నీ లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి. పైకప్పు కారిందా? అది నడివేసవి; కుళాయిలు ఇంకా బిగించనే లేదు. నేనే తాళం తీసి వెళ్లానా? అయితే నా అడుగులేవి? ఒక్క వివరణ కూడా కొలతకు నిలబడలేదు. అన్నింటినీ తిప్పి పంపాను.

కర్ర దొరికింది గనుక మాట ప్రకారం వెళ్లనవసరం లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాను. వయసుకు తగినంత మరపు తప్ప వేరే ఏమీ లేదని ఆయన అన్నాడు. తిరిగి వస్తున్నప్పుడు శ్రీకాంత్ కారు నడుపుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. "నీళ్లు నిజంగ తియ్యగున్నయా డాడీ?" నేను చెప్పింది నమ్మి అడిగిన ప్రశ్న అది. ఉన్నాయన్నాను. పొయ్యి కట్టేశానని చెబితే కోడలు ఇప్పుడు వెళ్లి చూడడం లేదు. నేనే వెళ్లి ఇంకోసారి చూసుకుంటున్నాను.

ఖాదర్ సాహెబ్ మాత్రం నన్ను వదలలేదు. "ఉత్త నీళ్లేనా సాబ్? చాయ్ అడగకపోయినవ్. ఇగ నా తలుపుకు నీలం రంగే. ఎవరొద్దంటరో సూస్త" అన్నాడు. నిబంధన నిబంధనేనని చెప్పాను.

ఇటీవల ఆ ఇల్లు అమ్ముడుపోయింది. సదాశివపేట నుంచి వచ్చిన ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటి ఇల్లాలు మానస ఐటీ ఉద్యోగి. గృహప్రవేశం మరునాడు నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "గ్రూప్‌ల వచ్చింది కాదంకుల్. మీరేం సూసిండ్రో మీ నోట వింట" అంది.

ఇక్కడ రాసిన క్రమంలోనే చెప్పాను. ఆమె భయపడలేదు, నవ్వలేదు. చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"ఆయన వచ్చిండా మరి?"

ఆనాటి నుంచి నేను జవాబు వెతుకుతున్నది తలుపు ఎలా తెరుచుకుంది, నీళ్లు ఎక్కడివి అన్న వాటికే. అవి ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు, ఇక పట్టవేమో కూడా. కాని ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. కొలవకుండా, చూడకుండా, ఎవరో తెలియకుండా నేను ముద్ర వేసి ఇచ్చిన మాట నా జీవితంలో అదొక్కటే. ఆమె దానిని నమ్మి లోపలికి వెళ్లింది.

మా కాలనీ కట్టకముందు ఆ నేలలో జొన్న పండేదని విన్నాను. దానిని దున్నిన కుటుంబాలవారు ఎవరైనా ఇది చదివితే, అక్కడ బావి ఉండేదా, దాని దగ్గరికి వెళ్లినవాడు ఇల్లు చేరాడా అన్నది దయచేసి తెలియజేయండి. నేను రాసిన మిగతా విషయాల్లో పొరపాట్లుంటే తీరిక చూసుకుని సరిదిద్దవచ్చు. 'తప్పకుండా వస్తాడు' అన్న నా మాట తప్పయితే మాత్రం, ముందుగా దానిని సరిదిద్దండి.