ఊ అన్న తర్వాతే

పీరా సాబ్‌కు సూదంటే భయమని చెబితే ఎమ్మిగనూరులో ఎవరూ నమ్మరు. పరుపులు కుట్టేవాడికి సూది భయమేమిటి? జానెడు దబ్బనం పొద్దస్తమానం ఆయన చేతిలో ఆడుతూనే ఉంటుంది. ఒక్కోసారి తలగుడ్డలో గుచ్చుకుని, మరిచిపోయి, ఇల్లంతా వెతుకుతాడు కూడా. కానీ అలాంటి సూది మనిషి ఒంట్లో దిగుతుందని మాటవరసకు అన్నా చాలు, పళ్ళు జివ్వుమంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. సూది ఒక్కటే కూడా కాదు. స్టీలు పళ్ళెం మీద గరిటె గీరుకుంటే లేచి వాకిట్లోకి పోతాడు. అన్నంలో ఇసుక పంటికింద పడితే ఆ పూటకు భోజనం అయిపోయినట్టే. ఎదురింటి తిక్కయ్య అయితే ఆయన్ను చూసి కావాలనే గిన్నె గీకేవాడు. కొందరికి అదో సరదా.

నిరుడు ఆయన పొత్తికడుపు పక్కన నిమ్మకాయంత వాపు కనిపించింది. దూదిమూట ఎత్తినప్పుడల్లా బయటికి పొడుచుకొచ్చేది. ఆదోనిలో డాక్టరు చూసి హెర్నియా అన్నాడు. పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పని, ఆపరేషన్ చేయాలని చెప్పాడు. పీరా సాబ్ సరేనన్నాడు. కత్తి సంగతి ఆయన పట్టించుకోలేదు. మత్తు వెన్నులో ఇస్తారని తెలిశాకే మొదలైంది అసలు గొడవ. అంతకుముందే కాలికి ఆపరేషన్ చేయించుకున్న తిక్కయ్య ఊరుకుంటాడా?

"ఎముకల సందులోకి పోతాదప్పా సూది. టక్కుమని సప్పుడు గూడా ఇనపడతాది" అన్నాడు.

అదంతా తిక్కయ్య కల్పనేనని ఎంతమంది చెప్పినా ఆ చప్పుడు పీరా సాబ్ చెవిలోంచి పోలేదు. బల్ల మీద కూర్చోబెట్టి, వీపు మీద చల్లటి మందు తుడిచారో లేదో, మనిషి దిగి ఒకటే నడక. ఆసుపత్రి వాళ్ళు తొడిగిన పచ్చ అంగీతోనే బస్సెక్కాడు. కండక్టరు ఆ అవతారాన్ని చూసి టికెట్టు అడగడానికి కూడా జంకాడు. ఆయన భార్య జమ్రుద్‌బీ లుంగీ, చొక్కా సంచిలో పెట్టుకుని వెనక బస్సులో వచ్చింది.

"ఆ అంగీ ఇడువు. ఉతికి వాళ్ళకు ఇచ్చేసి రావాల" అంది.

ఆమెకు తెలుసు, ఈ జంకు ఎక్కడిదో. మందపాటి పరుపును కుట్టాలంటే ఇద్దరు కావాలి. పరుపును నిలబెట్టి ఇటు పీరా సాబ్, అటు జమ్రుద్‌బీ కూర్చుంటారు. కుట్టు పడే చోట దూది అణిగేలా ఆమె అవతల నుంచి అరచేత్తో నొక్కి పట్టుకుంటుంది. ఆయన ఇవతల రెండుసార్లు తడతాడు. ఆమె చేయి తీసేసి 'ఊ' అంటుంది. అప్పుడే దబ్బనం దిగుతుంది. పెళ్ళయిన రెండో ఏడు, పెళ్ళిళ్ళ కాలంలో, పరుపు కోసం వచ్చినవాడితో మాట్లాడుతూ పీరా సాబ్ తట్టడం మరిచిపోయాడు. దబ్బనం దూదిని దాటి మరి దేంట్లోకో దిగింది. అది దూది కాదని ఆయన వేళ్ళకు తెలిసింది. ఆమె అరవలేదు. "ఆగు" అంది, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఆ వేళ్ళు దాన్ని మరిచిపోలేదు. ఆమె చేత్తో అన్నం పెడితే తింటాడు గానీ ఆ అరచేయి వైపు మాత్రం చూడడు.

మొన్న మాఘంలో ఆ వాపు ఎంత నొక్కినా లోపలికి పోలేదు. గంటసేపు వాంతులు. ఎలాగో అది సర్దుకుంది గానీ జమ్రుద్‌బీ గడపలో కూలబడి ఏడ్చింది.

"నువ్వు పోతే అవతల నుంచి ఎవురు తడతారు నాకు?" అంది.

మర్నాడే ఇద్దరూ ఆదోని చేరారు. మళ్ళీ అదే బల్ల, వీపు మీద అదే చల్లటి మందు. పీరా సాబ్ కాళ్ళు నేలను వెతుక్కోవడం మొదలుపెట్టాయి. మత్తు ఇచ్చే డాక్టరమ్మ చిన్న వయసుది. "ఏం పెద్దాయనా, మళ్ళీ బస్సెక్కుతావా?" అని నవ్వింది.

"లేదు తల్లీ. ఒక మాట. ముందర రెండుసార్లు తట్టు. నేను ఊ అన్నంకనే పొడువు."

"అట్లే కానీ. పరుపు మడిచినట్టు వీపు వంచు మరి."

ఆ మాట ఆయనకు బాగా అర్థమైంది. గడ్డం ఎదకు ఆనించి వంగాడు. వెనక నుంచి రెండుసార్లు తట్టినట్టు తెలిసింది. ఇక ఊ అనాల్సింది తనే. డాక్టరమ్మ పాపం ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది పీరా సాబ్‌కు: చేతిలో దబ్బనం దిగిన మర్నాడు, కుడిచేతికి కట్టుతో, ఎడమచేయి పరుపుకు ఆనించి, అవతల కూర్చుంది జమ్రుద్‌బీ. ఆయన తట్టాడు. ఆమె ఊ అంది. అవతలి వైపు కూర్చుంటే ఇలా ఉంటుందని ఇన్నేళ్ళలో ఆయనకు తట్టనే లేదు.

"ఊ" అన్నాడు.

చీమ కుట్టినట్టయింది. తర్వాత లోపల ఏదో ఒత్తినట్టు. టక్కుమనలేదు. కాళ్ళలోకి వెచ్చగా పాకింది.

ఆపరేషన్ అయ్యాక తల ఎత్తొద్దని చెప్పి మంచం మీద పడుకోబెట్టారు. జమ్రుద్‌బీ పక్కన స్టూలు మీద కూర్చుంది. పీరా సాబ్‌కు కాళ్ళు ఇంకా తనవి కానట్టే ఉన్నాయి.

"ఏమ్మే, ఆ పొద్దు దబ్బనం దిగిన మర్నాడే మళ్ళా కూసున్నావే, నీకు భయం గాలేదా?" అని అడిగాడు.

"కాకేమి? ఇప్పటికీ అయితాది" అంది ఆమె, ఆయన దుప్పటి సర్దుతూ. "నువ్వు తట్టినప్పుడల్లా అయితాది."

పీరా సాబ్ ఆ చేయి పట్టుకుని తిప్పాడు. అరచేతి నడుమ నువ్వుగింజంత తెల్లటి మచ్చ. చూడగానే ఒళ్ళు జలదరించింది. పళ్ళు జివ్వుమన్నాయి. అయినా ఈసారి ఆయన చూపు తిప్పుకోలేదు.