ఎదురింటి యాంప్లిఫయర్

మా ఎదురింటి సైన్సు సారు పోయిన సంగతి నాకు పాలవాడు చెప్పాడు. రెండిళ్ల మధ్య ఉన్నది పది అడుగుల గల్లీ. "సారు పోయిన్రు కదా, తెల్వదా?" అన్నాడు. తెలియదన్నాను. గిన్నె లోపలికి తెచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన్ని తీసుకెళ్తుంటే గుమ్మంలోంచి చూశాను. ఏడుపు రాలేదు. ఇవాళ్టికి నెలన్నర. ఇంకా రాలేదు.

బడిలో సంతాప సభ పెట్టారు. ఋషి అన్నారు, మేధావి అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఆయన ఇంట్లో కూర్చుని ఒక రికార్డు పూర్తిగా విన్న పాపాన పోలేదు. విన్నవాణ్ణి నేను. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి, ఆయనకూ నాకూ పదకొండేళ్లుగా మాటల్లేవని.

యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడాది, నేను నాంపల్లి స్టేషన్ వెనక ఈ గల్లీలో కిరాయికి దిగాను. బషీర్‌బాగ్‌లో గుమాస్తా ఉద్యోగం, రెండు పెట్టెల పుస్తకాలు. ఎదుటి కిటికీలో ఒకాయన రేకు పలకకు రేడియో వాల్వులు బిగిస్తూ కనిపించేవాడు. మూడో ఆదివారం ఆయనే పిలిచాడు. "ఏం భాయ్, ఎప్పుడు పుస్తకాలేనా, పాటలు గిట్ట వింటవా?"

ఆయన బిగిస్తున్నది రికార్డు పాటను స్పీకరులో మోగించే యాంప్లిఫయర్. ఒకే తీరువి రెండు చేశాడు. ఒకటి పాడైతే రెండోదాన్ని చూసి బాగుచేసుకోవచ్చని. రెండోది నాకిచ్చాడు. ఆ తర్వాత పదేళ్లలో ఏది మార్చినా రెండింటిలోనూ మార్చాడు. మెరుగైన వాల్వులు వేసినా, స్పీకరుకు టేకు పెట్టె చేయించినా అంతే. నేను అడక్కుండానే వచ్చి నాదాన్ని విప్పుకుపోయేవాడు. "జోడీ చెడగొట్టొద్దు భాయ్" అనేవాడు. తొందరపడితే "వేడెక్కనియ్యి" అనేవాడు. రైలు కదిలితే మా గల్లీ అదిరి రికార్డు మీద ముల్లు గెంతేది. అందుకని గోడ గడియారం చూసి, రైలు వెళ్లేదాకా చేయి గాల్లోనే ఆపి, అప్పుడు ముల్లు దించేవాడు. ఆ చేయి వణకగా నేను చూడలేదు.

అబిడ్స్‌లో స్టీరియో రికార్డులు వచ్చాయి. స్టీరియోకు ఎడమవైపు ఒక యాంప్లిఫయర్, కుడివైపు అలాంటిదే ఇంకొకటి కావాలి. ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి. ఇక స్టీరియో ముల్లు దొరకడమే తరువాయి. దానికోసం ఆయన ఏడాది తిరిగాడు. ఆ ఏడాదిలోనే నేను నాదాన్ని అబిడ్స్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్లి, ఇంకా గట్టిగా మోగేలా పెద్ద వాల్వులు, నల్లటి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయించాను. ఆయనకు చెప్పలేదు. పదేళ్లుగా ఒక బడి పంతులు చెవితో వింటున్నానన్న ఉక్రోషం నాది.

ముల్లు దొరికిన ఆదివారం గల్లీలో నలుగురిని పిలిచాడు. ఒక మూల ఆయన యాంప్లిఫయరూ స్పీకరూ, ఇంకో మూల నేను మోసుకెళ్లిన నావి, నడుమ ఒక కుర్చీ. గొంతు కుర్చీ ఎదురుగా వినిపించాలి. అది నా యాంప్లిఫయర్ వైపు జరిగిపోయింది.

"సారూ, పాటాయనకు మీ దిక్కు గాలి ఆడుతలేదు. భాయ్ దిక్కే పోతుండు" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

సారు నా వైపు చప్పుడు తగ్గించి చూశాడు. గొంతు నడుమకొచ్చింది కానీ తబలా నా వైపే ఉండిపోయింది. నా యాంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పి నల్ల ట్రాన్స్‌ఫార్మర్ చూశాడు.

"జోడీ చెడగొట్టినవ్ కదా భాయ్."

"నాది. నా ఇష్టం."

"ఔ. నీదే."

నలుగురి ముందు అన్నాడని, తీగలు పీకి, దాన్ని చంకనెత్తుకుని గల్లీ దాటాను.

పదకొండేళ్లు ఆయన ఒక యాంప్లిఫయర్‌తో విన్నాడు, నేనొకదానితో విన్నాను. ఆయన పాట నాకు, నా పాట ఆయనకు వినిపిస్తూనే ఉండేది. కొన్నాళ్లకు ఎదురింటి చప్పుడు బొంగురుపోయినట్టు తోచింది. డబ్బా ముసలిదైపోయిందని సంతోషించాను.

మాసికం అయ్యాక ఆయన భార్య వచ్చింది. తమ్ముడి చేత యాంప్లిఫయరూ స్పీకరూ మోయించుకొచ్చి, కాగితంలో చుట్టిన స్టీరియో ముల్లు నా చేతిలో పెట్టింది.

"అన్నా, ఇవి నీకియ్యమన్నడు."

యాంప్లిఫయర్ వెనక్కి తిప్పాను. అవే పెద్ద వాల్వులు. అదే దుకాణం నల్ల ట్రాన్స్‌ఫార్మర్.

"ఇది ఎప్పుడు వేయించాడు?"

"నువ్వు కోపంల పోయినవ్ చూడు, ఆ నెలలనే. ఆయనకైతే జర్రంత గూడ నచ్చలే. గొంతుల కప్ప కూసున్నట్టుంది అనేటోడు. తీసెయ్యరాదు అంటే, జోడీ ఉండాలె కదనే అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వొస్తే చూస్తవనుకున్నడు."

దీన్ని నేను క్షమ అని రాయను. సభలో ఋషి అన్నవాళ్లు రాసుకోవచ్చు. నచ్చని చప్పుడును పదకొండేళ్లు విన్నవాడు ఒక్కసారి గల్లీ దాటి చెప్పొచ్చు. పది అడుగులు ఆయనకూ పది అడుగులే. ఆ తప్పు ఆయనది, పోయాడని మాఫీ చేయను. నా తప్పు ఎలాగూ నాదే. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఎదురింట్లో మోగుతున్నది నా చప్పుడేనని పోల్చుకోలేకపోయాను.

మొన్న ఆదివారం రెండింటినీ రెండు మూలలా పెట్టి, తీగలు కలిపి, నడుమ కుర్చీ వేశాను. ముల్లు మార్చాను. మీటలు నొక్కి వాల్వులు వేడెక్కేదాకా ఆగాను. రెండు మూలలా ఒకేలా ఎర్రబడ్డాయి. రైలు వచ్చింది. కిటికీ అదిరింది, ఆగింది. రైలు వెళ్లిపోయింది. నా చేయి మాత్రం రికార్డు మీద గాల్లోనే ఉండిపోయింది.