పేరు రాయని గిన్నె

2011 అక్టోబరు 31, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. పల్చని పొగమంచు, గాలి లేదు. ఎల్.బి.నగర్‌లోని మా ప్రాథమిక పాఠశాల మూడో తరగతిలో నేను చింతగింజలు లెక్కపెడుతున్నాను.

తెలంగాణ ఉద్యమకాలపు బంద్‌ల తర్వాత బడి తెరిచినప్పుడు తరగతి టీచరమ్మ ఒక పద్ధతి పెట్టారు. సంతోషం, భయం, కోపం అని రాసిన మూడు గిన్నెల్లో, తన మనసుకు సరిపడిన దానిలో ప్రతి బిడ్డా రోజూ ఒక గింజ వేయాలి. మనసును కొలవడం మీద నాకు నమ్మకం లేదు. లెక్కల మాస్టారునని లెక్కింపు నాకే అప్పగించారు. ఆ మంచులో గింజలు పడే చప్పుడు ఎక్కడో దూరాన వాన మొదలైనట్టు వినిపించింది.

హాజరు ముప్పై మూడు. గింజలు ముప్పై ఒకటి. మళ్లీ లెక్కించినా అంతే.

నల్లగొండ నుంచి వచ్చిన ఆటో డ్రైవరు కూతురు పిడికిలి బిగించి నిలబడింది.

"నాది గీ మూడింట్ల దేంట్లకూ రాదు సార్. గామె నాతోటి మాట్లాడ్తలేదు."

వెనక బెంచీ నుంచి విజయవాడ వారమ్మాయి లేచింది. ఆమె చేతిలోనూ గింజ ఉంది.

"అబద్ధమండీ! బెంచీ మారింది తనే."

"మా నాయిన నీతోటి కూసోవద్దన్నడు."

"మా నాన్నా వద్దన్నారు. అయినా నీ పచ్చడి తినడం మానేశానా?"

"మానలే. అడగకుండ తిన్నవ్!"

తరగతంతా నవ్వింది, వాళ్లిద్దరూ నవ్వారు. టీచరమ్మ మరో గిన్నె తెచ్చి, పేరేమీ రాయకుండా పెట్టారు. రెండు గింజలూ అందులో పడ్డాయి. ఇద్దరూ ఒకే బెంచీలో సర్దుకునేసరికి కిటికీ దగ్గర మంచు మెల్లగా వెలుగైంది.

భయం పదిహేను, సంతోషం పదకొండు, కోపం ఐదు, పేరు లేనిదానిలో రెండు. మొత్తం ముప్పై మూడు.