దానమ్మక్క గోడకు తగిలించిన తాళంచెవి

మెదక్ బస్టాండు దగ్గర మా జిరాక్స్ దుకాణం పైనే దానమ్మక్క రక్తపరీక్షల సెంటర్. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో సగం మంది రక్తం ఆమె చేతి మీదుగానే పోయింది. ఎవరికి ఏ జబ్బుందో ఆమె కడుపులోనే దాచుకుంటుంది, కట్టుకున్నవాడికి కూడా చెప్పదు. నెలనెలా పరీక్ష చేయించుకునే నా రిపోర్టూ ఆమె దగ్గరే ఉంది. అందులో ఏముందో మా ఇంట్లో తెలియదు, మీకూ చెప్పను. మా అన్నకు తెలిస్తే మాత్రం నేను ఆ ఇంట్లో ఉండలేను.

ఈ మధ్య అక్క మేనకోడలు రోజీ, హైదరాబాదులో ఉంటుంది, సెంటర్‌కు ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. పాపన్నపేట, శంకరంపేట వాళ్లు రిపోర్టు కోసం ఆటో ఎక్కి రానక్కర్లేదు, ఫోన్లో లాగిన్ అయి చూసుకోవచ్చు. మొదట ఏడుగురి రిపోర్టులు ఎక్కించారు. అందులో నాదొకటి. లాగిన్ అయ్యేది నిజంగా ఆ మనిషేనా అని సరిచూసేది వేరే కంపెనీ. ఆ కంపెనీ దగ్గర మన సైటును ఓనరు పేరు మీద రిజిస్టర్ చేయాలట. ఇంగ్లీషు చదవడానికి అక్క నన్ను పైకి పిలిచింది. నాకొచ్చిన ఇంగ్లీషు జిరాక్స్ మిషను మీద ఉన్నంతే.

మీ ప్రోగ్రాం ఎక్కడ నడుస్తుంది, ఫోన్లోనా, బ్రౌజర్లోనా, సర్వర్లోనా అని అడిగింది స్క్రీను.

"ఈన్నే నడుస్తది గద, పై అంతస్తుల," అంది అక్క.

"సర్వర్ అని నొక్కు అత్తమ్మా," అంది రోజీ ఫోన్ స్పీకర్లో.

లాగిన్ అయినవాళ్లను తిరిగి ఎక్కడికి పంపాలి అని ఇంకో గడి.

"వాళ్లింటికే పంపుమను. ఇంకేడికి పోతరు?"

 రోజీ ఒక్కో అక్షరం పలికి సైటు అడ్రసు కొట్టించింది. ఆఖరున అర్థంపర్థం లేని పొడుగాటి అక్షరాల వరుస ఒకటి వచ్చింది. ఇది ఒక్కసారే కనిపిస్తుంది, భద్రం చేసుకోండి అని కింద రాసుంది. రోజీ అటునుంచే మా స్క్రీను చూసి దాన్ని సర్వర్లో పెట్టేసి, పనైపోయిందంది.

"ఒక్కసారే కనబడ్తదంట, జల్ది ప్రింటు తియ్ మల్లేశ్," అంది అక్క.

సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితం గోడకు కనబడలేదని తనిఖీకి వచ్చినవాళ్లు ఆమెను ఎన్నిసార్లు కసిరారో లెక్కలేదు. మళ్లీ ఆ మాట పడకూడదని ఆమె తాపత్రయం. లామినేషన్ చేసింది నేనే. ట్రేడ్ లైసెన్సు పక్కన మేకు కొట్టిందీ నేనే.

మూడు రోజుల తర్వాత వీడియో కాల్లో రోజీ ఆ గోడ చూసి కెవ్వుమంది.

"అత్తమ్మా, గది సర్టిఫికెట్ కాదు! ఇది మన సైటే అని ఆ కంపెనీకి చెప్పే తాళంచెవి. ఎవడన్న ఫోటో గొట్టుకపోతే మన పేరు జెప్పి లోపలికి వస్తడు!"

అప్పటికప్పుడు పాతది రద్దుచేయించి కొత్తది సర్వర్లో పెట్టింది. రికార్డులు చూసి, ఈ మూడు రోజుల్లో ఎవరూ పాతదాన్ని వాడలేదని చెప్పింది. అక్కడ కూర్చుని రోజీకెలా తెలిసిందో అక్కకు అర్థం కాలేదు. అయినా ఆ ఏడుగురికీ తన తప్పు తానే చెప్పుకుంది. ఆరుగురు పోనీలే అన్నారట. ఏడోవాణ్ణి నేను. నాకు చెప్పడానికి మెట్లు దిగి దుకాణంలోకి వచ్చింది.

 సర్వరు, రికార్డులు అన్నీ గందరగోళంగా బుర్రలో తిరిగాయి. ఒక్కటే అడగగలిగాను.

"అక్కా, ఈ మూడొద్దులల్ల మా అన్న ఏమన్న పైకొచ్చిండా? మా వదినె?"



"ఎవలొచ్చిన్రో, ఎవలు రాలేదో నేను జెప్ప మల్లేశ్. నువ్వొస్తున్నవని వాళ్లకు జెప్పిన్నా ఏనాడన్న?"

ఒళ్లు మండిపోయింది. మేకు కొట్టినవాణ్ణి నేనే అయినా ఆమెనే తిట్టాలనిపించింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆమె చెప్పిన మాట మెల్లగా తలకెక్కింది, తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

సర్వర్ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. షట్టరు సగం దించి ఆమె వెనకే పైకి వెళ్లాను. ఈ నెల పరీక్షకు రక్తం ఇవ్వడానికి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాను.